గట్టు వైపు వరసలు

పరిశోధన కేంద్రం క్వార్టర్లు,
అక్టోబర్ 11.

వదినకు,

ముందు అన్నయ్య సంగతి రాయి. మంచం మీంచి కుర్చీలోకి తనంతట తను మారగలుగుతున్నాడా? ఫోను చేస్తే "బ్రహ్మాండంగా ఉన్నానురా" అంటాడు. చెట్టుమీంచి పడి తుంటి విరిగిన రోజు ఆసుపత్రిలో కూడా అదే మాట అన్నాడు కాబట్టి ఆ బ్రహ్మాండాన్ని నేను నమ్మను. ఫోనేమో ఆయన తలగడ పక్కనే ఉంటుంది. నువ్వు నాతో ఏం మాట్లాడినా ఆయన చెవిన పడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఏడు నాకో సర్వే అప్పగించారు. పండ్లతోటల వాళ్ళు మేలైన పద్ధతులు ఎందుకు పాటిస్తారు, ఎందుకు పాటించరు, ఏ కారణం ఎంత పనిచేస్తుంది అన్నది విషయం. ముప్పై ఎనిమిది ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేశాను. ఇరవై కాపీలు పంపుతున్నాను. మీ చుట్టుపక్కల తోటల వాళ్ళ చేత నింపించి పంపు. నువ్వడిగితే కాదనే మనిషి అక్కడ లేడని నాకు తెలుసు.

మా పథకంలో పెద్ద పద్ధతి ఒక్కటే. ముసలి మామిడి చెట్ల పైకొమ్మలన్నీ పదడుగుల ఎత్తున కోసెయ్యడం. రెండేళ్ళు కాపు ఉండదు. మూడో ఏడు కొత్త కొమ్మల మీద కాయ వస్తుంది, నేలమీద నిలబడి చిక్కంతో కోసుకోవచ్చు. మన చెట్లు ముప్పై అయిదు అడుగులున్నాయి. అన్నయ్య ఎంత ఎత్తునుంచి పడ్డాడో నీకు నేను చెప్పాలా?

వచ్చే జూన్ ఆఖరులోగా కనీసం ముప్పైమంది కోస్తామని సంతకం పెట్టాలి. పెడితే పథకం నిలుస్తుంది, పథకంతో పాటు నేనూ నిలుస్తాను. ఇప్పటికి నా జాబితాలో నలుగురున్నారు. అందులో ఒకాయన మా కేంద్రం వాచ్‌మన్ మామగారు.

నీ మరిది

*

తోట ఇల్లు,
నవంబర్ 6.

మరిదికి,

నీ ఫారాలు అందాయి. ముప్పై ఎనిమిది ప్రశ్నలా? నన్ను ఈ ఇంటికి తెచ్చుకునేటప్పుడు కూడా మీవాళ్ళు ఇన్ని అడగలేదు.

పదహారో ప్రశ్నలో, సమాచారం ఎక్కడినుంచి పొందుతారు అని అడిగి రేడియో, పత్రిక, అధికారి, సంఘం అని నాలుగు గడులు గీశావు. పక్కతోట కంచె అని ఇంకో గడి గీయాల్సింది. ఇక్కడ ఎవరేం నేర్చుకున్నా ఆ కంచె మీదుగా చూసే నేర్చుకుంటారు.

అయినా ఇంటింటికీ తిరిగాను. పాకింగ్ షెడ్డు గుమాస్తాకి తోట మూడేళ్ళ కౌలు. "రెండేళ్ళు కాయ లేకుండా కూర్చుని, మూడో ఏడు కాయ వచ్చేసరికి తోట వాళ్ళది వాళ్ళకప్పగించాలా? నాకేం పిచ్చా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ వాడన్నది నిజం. జంట అన్నదమ్ముల తోట ఇంకా పంచుకోలేదు కదా, పెద్దవాడు కోద్దామంటే చిన్నవాడు వద్దంటాడు. పెద్దవాడు అన్నాడు కాబట్టే వద్దంటాడు. దానికి నీ ఫారంలో ఎక్కడ టిక్కు పెట్టాలో నాకు తెలియలేదు, ఖాళీగా వదిలేశాను.

కిందితోట అత్త ఉంది చూడు, మామయ్య పోయాక ఆ పద్నాలుగు చెట్లే ఆవిడకి మొగుడూ కొడుకూ. ఎక్కేవాళ్ళు దొరక్క నిరుడు సగం కాయ కొమ్మనే పండి రాలిపోయింది. మీ అన్నయ్య పడ్డాక ఎవడూ ఎక్కనంటున్నాడు. ఆవిడ ఫారం వంక చూడను కూడా చూడలేదు. "నీ చెట్టు కోసి బతికితే నా చెట్టూ కోస్తాను. ఎప్పుడు కొయ్యాలో నువ్వు చెప్పు, చాలు" అంది.

ఇక మీ అన్నయ్య. కిటికీలోంచి ముందు వరస చెట్లు చూస్తూ కూర్చున్న మనిషితో మెల్లిగా మాట కదిపాను. "వద్దు. మన చెట్లన్నీ తట్టుకోవు" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోయారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను లేచి వచ్చేశాను. నిజం చెప్పాలంటే పాలు పొంగలేదు. ఆ చెట్ల గురించి మొదలుపెడితే ఆయన ఆపరు, నాకు వినే ఓపిక లేదు.

నాకు మాత్రం కొయ్యాలనే ఉంది. ఆయన పడిన చప్పుడు విన్నది నేను. ఇంకొకరు పడితే మళ్ళీ వినలేను.

ఒక్క మాట సూటిగా చెప్పు. కోస్తే చచ్చిపోవు కదా?

వదిన

*

పరిశోధన కేంద్రం క్వార్టర్లు,
డిసెంబర్ 2.

వదినకు,

చావవు.

మా కేంద్రంలో కాలువ పక్క తోటలో నలభై ఎనిమిది చెట్లు కోశాం. నలభై ఎనిమిదీ చిగురించాయి. వివరాలన్నీ ఈ చిన్న పుస్తకంలో ఉన్నాయి, ఫొటోలతో సహా. నాలుగు సంగతులు గుర్తుంచుకో. కొమ్మ చీలిపోకుండా ముందు కిందివైపు ఒక గాటు పెట్టించి తర్వాత పైనుంచి కోయించు. కోసిన రోజే ప్రతి గాయానికీ మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పట్టించు. చిగుళ్ళు గుత్తులుగా వస్తే కొమ్మకి నాలుగైదు ఉంచి మిగతావి తుంచెయ్యి. కాండం తొలిచే పురుగు వస్తుందేమో చూస్తూ ఉండు. అంతే. పూచీ నాది.

అన్నయ్య గురించి దిగులు పడకు. వయసు మీద పడ్డవాళ్ళు మార్పంటే వెనకాడతారు, మా లెక్కల్లోనూ అదే తేలుతోంది. ఆయన కిటికీకి ఆనని వైపు కోయించు. చిగురు వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం. పచ్చగా కళ్ళముందు కనిపిస్తే ఏమంటాడు?

నేను నాలుగో తరగతిలో ఆయన గడియారం విప్పి పాడుచేస్తే, తుడుస్తూ నేనే కింద పడేశానని నువ్వు చెప్పావు. నువ్వు ఆ ఇంటికి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఇదీ అలాంటిదే అనుకో.

నీ మరిది

*

తోట ఇల్లు,
జనవరి 22.

మరిదికి,

కోయించేశాను. గట్టు వైపు చివరి రెండు వరసలు, ఇరవై రెండు చెట్లు.

ఆ వైపు బాట గతుకులు, చక్రాల కుర్చీ పోదు. కిటికీలోంచి చూస్తే మధ్యలో తోటంతా అడ్డం. అందుకే అవి ఎంచుకున్నాను. మిషను రంపం చప్పుడు మూడు రోజులు మోగింది. "ఎవరిదే ఆ రంపం?" అని మీ అన్నయ్య అడిగితే "అవతలి తోటలో ఎండుకొమ్మలు తీయిస్తున్నారట" అన్నాను. "ఎండుకొమ్మలకి మూడు రోజులా?" అన్నారు. నేను దుప్పటి దులుపుతూ బయటికి వచ్చేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనతో ఇంత పెద్ద అబద్ధం ఆడటం ఇదే మొదలు.

పేస్టు నేనే పూశాను. నిచ్చెన మీద ఆరో మెట్టు దాటి ఎక్కలేదు, నీ మీద ఒట్టు. మోచేతుల దాకా నీలం అయితే స్నానాల గదిలో ఇటుకరాయితో రుద్దుకున్నాను. చివరి రోజు తిరిగి చూస్తే నాకే భయమేసింది. ఇరవై రెండు చెట్లకి గుండు కొట్టించి ఎండలో నిలబెట్టినట్టుంది. ఆకు నీడ లేని ఆ చోటు మన తోటేనా అనిపించింది.

కంచె దగ్గర జనం మాత్రం తగ్గలేదు. జంట అన్నదమ్ములు ఇద్దరూ వచ్చారు, వేరువేరుగా. గుమాస్తా వచ్చి "అక్కయ్యా, కలపకి అమ్మేశావా?" అన్నాడు. కిందితోట అత్త మాత్రం మొద్దు మీద చెయ్యి వేసి చూసి వెళ్ళింది.

రోజుకు రెండుసార్లు వెళ్ళి చూస్తున్నాను. ఇంకా ఏమీ లేదు.

వదిన

*

తోట ఇల్లు,
మార్చి 4.

మరిదీ!

వచ్చాయి! ఇరవై రెండింటికీ వచ్చాయి! రాగిరంగు చిగుళ్ళు, మొద్దు చుట్టూ గుత్తులు గుత్తులు. మొదట రెండు చెట్లకి కనిపిస్తే ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. ఇప్పుడు దాచినా దాగదు. కంచె దగ్గర తిరునాళ్ళలా ఉంది.

నీ కాగితం మీద పంతొమ్మిది సంతకాలు పెట్టించాను. జంట అన్నదమ్ములు పక్కపక్కన పెట్టారు, చూసి మురిసిపో. కిందితోట అత్త వేలిముద్ర వేసి, "కాయ దిగాక కోయిస్తాను. మొత్తం పద్నాలుగూ ఒక్కసారే. విడివిడిగా రంపం అతన్ని పిలిపించుకునే స్తోమతు నాకు లేదు" అంది.

మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. నువ్వు వస్తానన్నావుగా, కలిసి చెబుదామని. ఎప్పుడొస్తావు?

వదిన

*

పరిశోధన కేంద్రం క్వార్టర్లు,
మార్చి 19.

వదినకు,

నీ ఉత్తరం మా పై అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి లేచి నిలబడి నాకు చెయ్యిచ్చాడు. ఆరేళ్ళలో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

జాబితా ముప్పై ఒకటికి చేరింది. నువ్వు పంపిన ఫొటో, అదే, చిగుళ్ళ పక్కన పైటచెంగు దోపుకుని నిలబడ్డావే, దాన్ని పెద్దది చేయించి పోస్టరు వేశాం. కింద 'ఆదర్శ రైతు' అని రాయించాను. రెండు పంపుతున్నాను. ఒకటి పాకింగ్ షెడ్డులో అతికించు.

ఇప్పుడు రావడానికి వీలు పడదు. పుస్తకం రెండో ముద్రణ పని నెత్తిన ఉంది. అన్నయ్యకు నేను వచ్చేదాకా చెప్పకు.

నీ మరిది

*

తోట ఇల్లు,
మే 9.

మరిదికి,

కాయ దిగుతోంది. షెడ్డులో పని బాగానే ఉంది. మీ అన్నయ్య ఊతకర్రలతో గడప దాకా నడుస్తున్నారు. ఎండలు ముదిరాయి.

ఊరికే అడుగుతున్నాను. చిగుళ్ళు ఎండకి వాడితే ఏం చెయ్యాలి? పొద్దున తేరుకుని మధ్యాహ్నానికి మళ్ళీ వేలాడుతుంటే నీళ్ళు తక్కువైనట్టా, ఎక్కువైనట్టా? కొమ్మ మొదట్లో సన్నటి రంపపు పొట్టులాంటిది రాలుతుంటే అది ఏమిటి? ఒకరి తోటలో అలా ఉందట. నన్ను కనుక్కోమన్నారు.

నీ పోస్టరు షెడ్డులో పెట్టారు. నేను అటు వెళ్ళడం తగ్గించాను.

వదిన

*

పరిశోధన కేంద్రం క్వార్టర్లు,
మే 24.

వదినకు,

నువ్వు అడిగిన సందేహాలకు జవాబు. వేసవిలో లేత చిగుళ్ళు కొంత వాడటం సహజం. మూడు రోజులకోసారి తడి ఇవ్వాలి. పొట్టు రాలుతుంటే అది తొలిచే పురుగు. రంధ్రంలో తీగ దూర్చి పురుగును తీసి, మందులో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూసెయ్యాలి. వానలు పడితే చాలావరకు కోలుకుంటాయి.

అవి ఎవరి తోటలోవో నువ్వు రాయలేదు. ఎవరివైనా సరే, సంతకం చేసినవాళ్ళ ముందు ఈ ప్రస్తావన ఇప్పుడే తేవద్దు. ఒకటి రెండు చెట్లు వాడాయని వింటే అందరూ బెదిరిపోతారు. జూన్ ఆఖరు దాకా కాస్త ఓపిక పట్టు.

ఆరోగ్యం జాగ్రత్త.

నీ మరిది

*

తోట ఇల్లు,
జూన్ 5.

మరిదికి,

ఆ తోట నాదే. నీకు అర్థమయ్యే ఉంటుంది. అర్థమయ్యీ కానట్టు రాశావు. నేను చెప్పీ చెప్పనట్టు రాశాను. మనిద్దరం ఒక ఇంట్లోనే పెరిగినట్టున్నాం.

పదిహేడు చెట్లు చచ్చిపోయాయి. వాడటం కాదు, చావడం. గోరుతో బెరడు గీకితే లోపల గోధుమరంగు. చిగుళ్ళు కొమ్మనే ఎండి, పట్టుకుంటే పొడి అవుతున్నాయి. తీగతో పురుగులు లాగాను, దూది కుక్కాను, మట్టి మెత్తాను, బిందెలతో నీళ్ళు మోశాను. మొదటి చెట్టు పోయినప్పుడు నా హస్తవాసి బాగోలేదనుకున్నాను. మూడోది పోయినప్పుడు పేస్టు సరిగ్గా పుయ్యలేదనుకున్నాను. ఎనిమిదోది పోయాక కూర్చుని ఏడ్చాను. చావు కబురు చెప్పడానికి సిగ్గేసి నీకు 'ఒకరి తోట' అని రాశాను. ఎవరికీ చెప్పలేదు. ఎండిన చిగుళ్ళు కంచె వైపు కనపడకుండా కోసి పారేస్తున్నాను. అడిగినవాళ్ళతో, చిగుళ్ళు పలచన చెయ్యాలిగా, అందుకే అంటున్నాను. ఆదర్శ రైతును కదా.

ఇప్పుడు అసలు సంగతి విను. కిందితోట అత్త రంపం అతన్ని పదహారో తారీఖుకి మాట్లాడుకుంది. పద్నాలుగు చెట్లూ ఒక్కరోజే. నన్ను వచ్చి దగ్గరుండమంది. ఆ చెట్లు పోతే ఆవిడకి వేరే ఏమీ లేదు. చెయ్యి చాచి ఒకరిని అడిగే మనిషి కూడా కాదు.

నా చెట్లు ఎందుకు చచ్చాయో నాకు తెలియాలి. నా తప్పు వల్ల పోయుంటే ఆవిడ చెట్లు దగ్గరుండి బతికించగలను. నా తప్పు కాకపోతే ఆవిడని ఆపాలి. రెండింట్లో ఏదో చెప్పగలిగినవాడివి నువ్వే.

నువ్వు డిసెంబర్లో చావవు అన్నావు. నీకు తెలిసే అన్నావా, తెలియక అన్నావా? మర్యాదలు వద్దు. వెంటనే రాయి.

వదిన

*

పరిశోధన కేంద్రం క్వార్టర్లు,
జూన్ 11.

వదినా,

తెలిసే అన్నాను.

మేం కోసినవి నలభై ఎనిమిది కాదు, అరవై. కాలువ పక్క లోతైన నేలలో ఉన్న నలభై ఎనిమిదీ బతికాయి. వాలు మీద, అడుగున రాయి ఉన్న చోట ఇంకో పన్నెండు కోశాం. అవీ చిగురించాయి. చెట్టు ఒంట్లో దాచుకున్న బలంతో ముందు చిగురిస్తుంది, వేసవి వచ్చాక వేరుకి తడి అందకపోతే నిలబడలేదు. నీరసించిన చెట్టును పురుగు పట్టుకుంటుంది. ఆ పన్నెండులో తొమ్మిది పోయాయి. పుస్తకం రాసేటప్పుడు అవి 'ప్రయోగం పరిధిలోనివి కావు' అని పక్కన పెట్టారు. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మన తోట నేల మంచిదే అనుకున్నాను. నా కళ్ళలో మన తోటంటే ఇంటిముందు చెట్లే. సెలవుల్లో వాటి కిందే చదువుకున్నాను. గట్టు వైపు నేనెప్పుడూ ఒక్క గుంట తవ్వలేదు, ఒక్క మొక్క నాటలేదు. అక్కడ అడుగున ఏముందో అన్నయ్యకు తెలిసి ఉంటుంది. కిందితోట సంగతి కూడా ఆయనకే తెలియాలి.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. అన్నయ్య ఫారం నేనే నింపాను. ఒప్పుకోకపోవడానికి కారణం అన్న చోట 'వయసు, మొండితనం' అని రాశాను. ఆయన్ని అడగలేదు.

నీ ఉత్తరం చేరింది నిన్న సాయంత్రం. వెంటనే ఫోను చేశాను. అన్నయ్య ఎత్తాడు. "ఎలా ఉన్నావురా? అక్కడ వానలు పడ్డాయా?" అన్నాడు. పడలేదన్నాను. వదిన ఉందా అని అడగడానికి నోరు రాలేదు. పెట్టేశాను. ఈ పొద్దున మళ్ళీ చేశాను. మళ్ళీ ఆయనే. మళ్ళీ వానల గురించే మాట్లాడుకున్నాం.

అత్తని కొయ్యనివ్వకు. పుస్తకం ముద్రణ ఆపమని, ఆ పన్నెండు చెట్ల సంగతి రాసి, పై అధికారికి కాగితం ఇచ్చాను. ఆయన మళ్ళీ నన్ను పేరు పెట్టి పిలవడం మానేశాడు. అక్కడికి వచ్చి అందరికీ చెప్పాల్సింది నేనే. వస్తే ఏ ముఖంతో రాను?

నీ మరిది

*

తోట ఇల్లు,
జూన్ 27.

మరిదికి,

నీ ఉత్తరం పదహారో తారీఖు పొద్దున వచ్చింది. గేటు దగ్గరే చింపి చదివాను. కిందితోటలో రంపం అప్పటికే మోగుతోంది. వంట్లో బాగాలేదని సాకు చెప్పి నేను దగ్గరికి వెళ్ళలేదు. నీ జవాబు రాలేదు కదా, వెళ్ళి కొయ్యమనలేను, వద్దనలేను. అలా ఇంట్లో కూర్చున్నాను చూడు, ఆ గంటన్నరకి నన్ను నేను క్షమించుకోలేను.

ఏ చెట్టుకి అడుగున ఏముందో ఆయనకి తెలుసని నువ్వు రాసిన ముక్క పట్టుకుని లోపలికి పరుగెత్తాను. మంచం దగ్గర నిలబడి, నవంబర్ నుంచి జరిగిందంతా ఒక్క ఊపున చెప్పేశాను. చివర్న ఒక్కటే అడిగారు.

"ఏ వరసలు కోయించావు?"

"గట్టు వైపువి. చివరి రెండూ."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "అక్కడ గడ్డపార మూరెడు దిగదే. ఒక్కో గుంట తవ్వడానికి నాకూ నాన్నకీ రెండేసి రోజులు పట్టింది. మందు పెట్టి రాయి పేల్చి నాటాం. కిందితోటలో పైసగం కూడా అదే రాయి. నవంబర్లో చెప్పాను కదా, మన చెట్లన్నీ తట్టుకోవని. ఏవి తట్టుకుంటాయని అడుగుతావనుకున్నాను. నువ్వు పాలు చూడ్డానికి వెళ్ళావు" అన్నారు. తర్వాత కళ్ళు తెరిచి, "నిలబడ్డావేం? పరుగెత్తు. పైసగం ముట్టుకోవద్దని చెప్పు" అని గట్టిగా అరిచారు.

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి మూడు చెట్లు అయిపోయాయి. నాలుగోదానికి నిచ్చెన వేస్తున్నారు. మొదలుపెట్టింది పైనుంచే. ఆ మూడూ రాతి మీదవే.

ఆపించాను. అందరి ముందూ చెప్పాను. నా పదిహేడు చెట్లు పోయాయని, ఎండిన చిగుళ్ళు నేనే దాచానని. అత్త నా మాటలన్నీ విని, "నీకు ఎప్పటినుంచి తెలుసు?" అంది.

"నెల దాటింది" అన్నాను.

తిడితే బాగుండేది. రంపం అతనికి సగం రోజు కూలి ఇచ్చి పంపేసింది. నిచ్చెన తనే భుజాన వేసుకుని కొట్టంలో పెట్టి వచ్చింది. నా పక్కనుంచి వెళుతూ, "రేపటినుంచి మా తోటలోంచి అడ్డదారిన రాకు. రోడ్డు మీదుగా వెళ్ళు" అంది. ఆ దారిలో పాతికేళ్ళుగా నడుస్తున్నాను. ఇప్పుడు షెడ్డుకి పోవాలంటే చుట్టూ తిరిగి వెళుతున్నాను. కిందిసగం చెట్లకి నేల మంచిదే, అవి కోసినా బతుకుతాయని మీ అన్నయ్య కబురు పంపారు. ఆవిడ కబురు తెచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చి పంపింది, జవాబు మాత్రం ఇవ్వలేదు.

సంతకాలు పెట్టినవాళ్ళంతా వచ్చి పేర్లు కొట్టించుకున్నారు. జంట అన్నదమ్ములు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, నీవల్లేనంటే నీవల్లేనని. పోస్టరు నేనే చింపేశాను. నిన్న షెడ్డులో ఒకడు కాయ మచ్చలకి ఏదో కొత్త మందు గురించి చెప్పబోతే, "ఆదర్శ రైతును అడిగి చల్లు" అని నవ్వారు. అంటే ఇంక ఇక్కడ ఎవరూ ఏ కొత్త పనీ చెయ్యరన్నమాట. మంచిదైనా సరే.

మీ అన్నయ్య నాతో ఆరు రోజులు మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు, మందిస్తే మింగారు. ఏడో రోజు పొద్దున్నే, "కుర్చీ ముందు వరస దగ్గరికి తోయి, గడ్డపార కూడా తీసుకురా" అన్నారు. కిటికీలోంచి రోజంతా చూసుకునే ఆ ఆరు చెట్లున్నాయే, వాటి దగ్గరికి. ఒక్కో చెట్టు మొదట్లో నా చేత గడ్డపార దింపించారు. పిడి దాకా దిగింది. ఆరో చెట్టయ్యాక, "ఈ ఆరూ కోయిద్దాం" అన్నారు.

నేను విన్నది నమ్మలేదు. "మీ ప్రాణం కదా ఇవి" అన్నాను.

"ఇవి బతుకుతాయి. రోడ్డు మీద వెళ్ళే ప్రతివాడికీ కనపడతాయి. ఇప్పుడు ఇలా వదిలేస్తే ఇంక ఈ చుట్టుపక్కల ఎవడూ కొమ్మ ముట్టుకోడు. మళ్ళీ ఎవడో పైకెక్కుతాడు, మళ్ళీ ఎవడో పడతాడు. పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు" అన్నారు. తర్వాత మొహం అటు తిప్పుకున్నారు. నేను చూడనట్టు గడ్డపార మట్టి తుడుస్తూ కూర్చున్నాను.

నీ మీద నాకు కోపం ఉంది. పోలేదు, ఇప్పట్లో పోదు కూడా. నా మీద నాకున్నది దానికంటే ఎక్కువ. నీ ఉత్తరం మొత్తం ఆయనకి చదివి వినిపించాను, ఫారం సంగతితో సహా. విని, కాగితం కలం అడిగారు. పడ్డాక ఆయన కలం పట్టడం ఇదే. కింద రాసింది ఆయనే.

వదిన

ఒరేయ్,

రెండుసార్లు ఫోను చేసి వానల గురించి అడిగించుకున్నావు. నీ గొంతు వింటేనే ఏదో అయిందనుకున్నాను. అడగలేదు. మన ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగరు, అది మనకున్న జబ్బు.

డిసెంబర్లో ఆరు చెట్లు కోస్తాం. రంపం నువ్వు పట్టుకోవాలి. మీ పన్నెండు చెట్ల సంగతి, నా పదిహేడు చెట్ల సంగతి అందరి ముందూ నీ నోటితో నువ్వే చెప్పాలి. ముందు కిందితోట గుమ్మంలోకి వెళ్ళి ఆవిడకి చెప్పాలి. తిడతారు. తిట్టనీ. నేను కుర్చీ వేయించుకుని నీ పక్కనే కూర్చుంటాను.

రా.

అన్నయ్య